చదును వేరు, మట్టం వేరు: పెద్ద ప్రింట్లకు పూత బల్ల

8x10 అంగుళాల సయనోటైప్ (మందు పూసిన కాగితం మీద కాంతితో తీసే నీలి ఫొటో ప్రింటు) కాగితానికి మందు పూయాలంటే ఏ రాత బల్ల మీదో పాత గాజు పలక పరిచినా పని జరిగిపోతుంది. 24x30కో 30x40కో వెళ్లేసరికి లెక్క మారుతుంది. అదే మందు, అదే కాగితం, అదే చెయ్యి. అయినా ఒక మూల చిక్కగా, ఇంకో మూల పల్చగా వస్తుంది. నింద ముందు బ్రష్షు మీద, తర్వాత కాగితం మీద, చివరికి నెగటివ్ మీద పడుతుంది. చాలాసార్లు తప్పు వీటిలో దేనిదీ కాదు, కింద ఉన్న బల్లది.

బల్ల తయారీలో మొదట విడదీసి చూడాల్సినవి రెండు గుణాలు. ఉపరితలం మీద గుంటలూ మిట్టలూ లేకపోతే అది చదును. ఆ ఉపరితలం ఏ వైపుకీ వాలకుండా ఉంటే అది మట్టం. గోడకు ఆనించిన తలుపు చదునుగానే ఉంటుంది, దాని మీద నీళ్లు నిలవవు. చెరువులో నీళ్లు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయి, కానీ అడుగు చదునుగా ఉండదు కాబట్టి చోటుకో లోతు. పూత పనిలో ఈ రెండూ ఒకేసారి అవసరమయ్యే సందర్భాలున్నాయి, ఒక్కటే సరిపోయేవీ ఉన్నాయి. ఏది కావాలో తేల్చుకోకుండా బరువైన రాయి కొనేస్తే డబ్బూ నడుమూ రెండూ పోతాయి.

కడ్డీతో పూసే పూత

సయనోటైప్‌కు, ప్లాటినమ్, పల్లాడియమ్ లవణాలతో తీసే ఫొటో ప్రింట్లకు ద్రావణాన్ని కాగితం అంచున ఒక గీతలా పోసి గాజు కడ్డీతో లాగుతారు. 8x10 కాగితానికి సుమారు 2 మి.లీ. పడుతుంది. 20x24 దానికి ఆరు రెట్ల వైశాల్యం, అంటే 12 మి.లీ. ఆ 12 మి.లీ.ని దాదాపు 3,100 చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే పొర మందం 0.04 మి.మీ. మాత్రమే. అంత పల్చటి పొరను కాగితం త్వరగానే పీల్చేసుకుంటుంది, వాలు వెంట జారిపోయే వ్యవధి దానికి ఉండదు. కాబట్టి ఇక్కడ బల్ల మీటరుకు రెండు మూడు మిల్లీమీటర్లు వాలినా ప్రింటుకు తెలియదు.

గుంట మాత్రం తెలుస్తుంది. బల్లలో 0.2 మి.మీ. గుంట ఉందనుకుందాం, రెండు కాపీ కాగితాల మందం. కంటికి కనిపించదు, చేతికి తగలదు. కానీ అది పూత మందానికి ఐదు రెట్లు. వంపు లేని కడ్డీ ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. కింద ద్రావణం ఎక్కువ మిగిలి, ఎండాక ముదురు మచ్చగా తేలుతుంది. మిట్ట ఉన్నచోట కడ్డీ మందును తుడిచేస్తుంది. కాగితం కొంత కలుపుకుపోతుంది, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి లాగితే ఇంకొంత సర్దుకుంటుంది. అయినా ప్రతి ప్రింటులోనూ మచ్చ ఒకే చోట వస్తోందంటే బల్లనే చూడాలి. దీనికో తేలికైన పరీక్ష ఉంది. తర్వాతి కాగితాన్ని సగం తిప్పి పూయాలి. మచ్చ కాగితంతో పాటు తిరిగితే లోపం కాగితానిది, బల్ల మీద అదే చోట నిలిచిపోతే బల్లది.

పోసే పూత

కార్బన్ టిష్యూ, అంటే కార్బన్ ప్రింటు తీయడానికి వాడే రంగు జెలటిన్ పొర, దాని సంగతి వేరు. వేడి జెలటిన్‌లో రంగు, చక్కెర కలిపి, యూపో లాంటి ప్లాస్టిక్ కాగితం మీద సుమారు 1 మి.మీ. ఎత్తున పోస్తారు. 1 మి.మీ. ఎత్తంటే చదరపు మీటరుకు సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఏ సైజుకైనా కొలత వస్తుంది. 24x30 ప్రింటుకు అంచులు కలుపుకుని 27x33 అంగుళాల టిష్యూ పోస్తే 575 మి.లీ. మిశ్రమం కావాలి. 10 శాతం జెలటిన్ అయితే అందులో 58 గ్రాముల పొడి.

40 డిగ్రీల దగ్గర ఈ మిశ్రమం నీళ్లలాగే తన మట్టం తానే వెతుక్కుంటుంది. పై ముఖం మట్టంగా నిలుస్తుంది, కింది ముఖం బల్ల ఎలా ఉంటే అలా ఉంటుంది. చెరువు పోలిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బల్ల మీటరుకు 1 మి.మీ. వాలితే 60 సెం.మీ. వెడల్పులో ఒక అంచు 0.7, రెండో అంచు 1.3 మి.మీ. వస్తాయి, దాదాపు రెట్టింపు తేడా.

ఈ తేడా ప్రింటులో కనిపించే తీరే తికమక పెడుతుంది. కార్బన్‌లో కాంతి పైనుంచి లోపలికి దిగుతూ జెలటిన్‌ను గట్టిపరుస్తుంది, గట్టిపడనిది తర్వాత వేడినీళ్లలో కరిగిపోతుంది. లేత ఛాయలు, మధ్య ఛాయలు పై పొరలోనే తయారవుతాయి కాబట్టి అడుగున ఇంకెంత మందం ఉందన్నది వాటికి పెద్దగా పట్టదు. బాగా నల్లటి భాగాలకు మాత్రం లోతు కావాలి. పల్చటి వైపు ఆ లోతు దొరకక నలుపులు బూడిదరంగుకు తిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆకాశం బాగుండి చెట్ల నీడలు ఒకవైపే చచ్చుగా ఉంటే నెగటివ్‌దే లోపం అనిపించడం సహజం. మందం ఎక్కువైన వైపు నష్టం తక్కువ, అదనపు జెలటిన్ వేడినీళ్లలో కరిగిపోవడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. అందుకే అనుమానం ఉంటే టిష్యూను కొంచెం మందంగానే పోయడం మేలు.

మందంలో పది శాతం అటూ ఇటూ, అంటే 0.9 నుంచి 1.1 వరకు సహిద్దామనుకుంటే, 60 సెం.మీ.కి 0.2 మి.మీ. తేడా, మీటరుకు 0.33. బల్ల మట్టానికి పెట్టుకోవాల్సిన గురి ఇది.

గాజు వంగుతుంది

గాజు గట్టిది కాబట్టి వంగకుండా ఉంటుందన్న నమ్మకం పెద్ద సైజులో చెల్లదు. 10 మి.మీ. గాజు పలకను మీటరు దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పెడితే సొంత బరువుకే మధ్యలో సుమారు 0.55 మి.మీ. దిగుతుంది. 6 మి.మీ. గాజయితే 1.5 మి.మీ. దాటుతుంది. 1 మి.మీ. టిష్యూ పోయడానికి అది బల్ల కాదు, పళ్లెం. 20 మి.మీ. గ్రానైట్ కూడా అదే దూరంలో 0.2 మి.మీ. దాకా దిగుతుంది.

అయితే ఈ వంపు ఆధారాల మధ్య దూరానికి నాలుగో ఘాతంలో మారుతుంది. దూరం సగమైతే వంపు పదహారో వంతు. ఆధారాలు 25 సెం.మీ.కి ఒకటి ఉంటే 6 మి.మీ. గాజు కూడా మిల్లీమీటరులో వందో వంతు వంగదు. అంటే మందం పెంచుకుంటూ పోవడం కన్నా ఆధారాలు దగ్గర చేసుకోవడం చవక, తేలిక. 30x40 ప్రింటుకు చుట్టూ కనీసం 15 సెం.మీ. ఖాళీ కలిపి 107x137 సెం.మీ. పలక తీసుకుంటే, 10 మి.మీ.లో అది 37 కిలోలు, 6 మి.మీ.లో 22 కిలోలు. రెండోది ఇద్దరు సులువుగా ఎత్తగలరు.

గాజు రకంలో ఒక మెలిక ఉంది. కరిగిన తగరం మీద తేలుతూ తయారయ్యే మామూలు ఫ్లోట్ గాజు చదునుకు పెట్టింది పేరు. పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించిన పద్ధతి ఇది. అదే గాజును టఫెన్ చేసేటప్పుడు, అంటే వేడి చేసి గట్టిపరిచేటప్పుడు, కొలిమిలో రోలర్ల మీద నడిపిస్తారు, మెత్తబడిన గాజు మీద సన్నటి అలలు పడతాయి. అద్దాల షాపులో భద్రత పేరుతో టఫెన్డ్ గాజు అంటగడతారు. తలుపుకైతే అదే సరైనది, పూత బల్లకు కాదు. మామూలు గాజు తీసుకుని నాలుగంచులూ పాలిష్ చేయించి, కింద పూర్తి ఆధారం ఇస్తే చాలు. దాని మీద మరిగే నీళ్లు మాత్రం పోయకూడదు, పగులుతుంది.

గ్రానైట్ మాటకొస్తే, చీమకుర్తి నల్లరాయి దగ్గరున్నవాళ్లకు ఆశ పుట్టడం సహజమే. పాలిష్ మెరుపు చదునుకు రుజువు కాదు. వంటింటి గట్టుకు కోసిన పలకలో అర మిల్లీమీటరు వంపున్నా అక్కడ ఎవరూ అడగరు. యంత్రశాలల్లో కొలతలకు వాడే సర్ఫేస్ ప్లేట్ అసలైన చదును, కానీ ఈ సైజులో దాని ధర, బరువు రెండూ భరించలేనివి. పైగా రాయి వేడిని లాగేస్తుంది. పోసిన జెలటిన్ అంచులకు చేరేలోపే గడ్డకట్టి అలలు నిలిచిపోతాయి. గ్రానైటే ఉంటే పోయబోయే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన బట్ట పరిచి దాన్ని గోరువెచ్చగా చేయాలి.

గాజు కింద పెట్టే పెట్టె

గాజు కింద కావాల్సింది మెలి తిరగని పెట్టె. 18 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు, వాటి మధ్య 15 సెం.మీ.కి ఒకటి చొప్పున అడ్డంగా నిలువుగా 10 సెం.మీ. ఎత్తు పట్టీలు, అన్ని అతుకులకూ జిగురు. తేమ ఉండే పని కాబట్టి ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై మంచిది. ఈ పెట్టెలో ఒక మొండితనం ఉంది. జిగురు ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే జీవితాంతం అదే ఆకారంలో ఉంటుంది. ఎగుడుదిగుడు నేల మీద బిగిస్తే ఆ మెలికే శాశ్వతం. వడ్రంగి చేత చేయిస్తుంటే ఈ ఒక్క మాట ముందే చెప్పాలి, మిగతాది ఆయనకు తెలుసు.

అంత పని వద్దనుకుంటే దిట్టమైన ఫ్లష్ డోర్ చాలావరకు సరిపోతుంది. షాపులో తలుపును పక్కకు నిలబెట్టి, అంచు వెంట ఒక కన్ను మూసి చూస్తే వంపు తెలిసిపోతుంది. ప్లై అయినా తలుపయినా రెండు ముఖాలకూ ఒకే పూత ఉండాలి. పైన సన్‌మైకా అంటించి కింద వదిలేస్తే, కోస్తా వానాకాలంలో కింది ముఖం తేమ పీల్చి పెరుగుతుంది, పలక గిన్నెలా వంగుతుంది. కింద కూడా అదే సన్‌మైకా, నాలుగంచులకూ వార్నిష్.

చదును కొలవడానికి తాపీ మేస్త్రీలు వాడే అల్యూమినియం పట్టీ చాలు, అది వంపు లేకుండా ఉంటే. తేల్చుకోవడానికి దాని అంచు వెంట సన్నటి పెన్సిల్ గీత గీసి, పట్టీని తిరగేసి అదే అంచుతో ఆ రెండు కొసలనే కలుపుతూ మళ్లీ గీయాలి. రెండు గీతల మధ్య సందు పట్టీ లోపానికి రెట్టింపు. పట్టీ నమ్మదగినదని తేలాక గాజు మీద పొడవునా, వెడల్పునా, రెండు కర్ణాల వెంటా పెట్టి, కింద కాపీ కాగితం ముక్క దూరుతుందేమో చూడాలి. 80 జీఎస్ఎం కాగితం సుమారు 0.1 మి.మీ. ఒక కర్ణం మధ్యలో సందు, రెండో కర్ణం కొసల్లో సందు కనిపిస్తే బల్ల మెలి తిరిగినట్టు. సరిచేయడం గాజుకూ పెట్టెకూ మధ్యనే. 25 సెం.మీ. గడుల్లో కాగితం లేదా ప్లాస్టిక్ షీటు ముక్కలు ప్యాకింగ్‌గా పెట్టి, ఎక్కడ తగ్గితే అక్కడ ఇంకో పొర వేయాలి. గాజును అంటించకూడదు. రేపు మళ్లీ సర్దాల్సి రావచ్చు.

మూడు మరలు

మట్టం చేయడానికి పెట్టె కింద నాలుగు కాళ్లు వద్దు. నాలుగో కాలు ఎప్పుడూ గాలిలో ఉంటుంది, లేదా బల్లను మెలి తిప్పుతుంది. జెలటిన్ డ్రై ప్లేట్ల (జెలటిన్ పూసిన గాజు నెగటివ్ పలకల) తొలిరోజుల్లో, అంటే 1870లు, 80లలో, ప్లేట్లు గడ్డకట్టించే పాలరాతి పలకలను మరలతో మట్టం చేసుకునేవారు. మూడు మరల మీద ఏ పలకైనా ఊగకుండా నిలుస్తుంది.

ముందు వైపు రెండు, వెనుక మధ్యలో ఒకటి, ఎం12 (12 మి.మీ. లావు) బోల్టులు బిగించాలి. ఎం12 బోల్టు ఒక చుట్టుకు 1.75 మి.మీ. లేస్తుంది, పావు చుట్టుకు 0.44. ముందున్న రెండింటి మధ్య మీటరు దూరం ఉంటే ఎనిమిదో వంతు తిప్పుడుతో మీటరుకు 0.22 మి.మీ. సవరణ చేయవచ్చు, మన గురికి అది చాలు. ప్రతి బోల్టు కింద చిన్న ఇనుప బిళ్ల పెట్టకపోతే మొన నేలలోకి దిగుతూ ఉంటుంది. మొదట ముందు రెండింటితో అడ్డం సరిచేసి, తర్వాత వెనుకదానితో నిలువు. వెనుక మరను తిప్పితే అడ్డం మట్టం చెడదు, ఈ అమరికలో ఉన్న సుఖం అదే. ఒక ప్రమాదం కూడా ఉంది. త్రిభుజం బయట ఉన్న వెనుక మూలల మీద ఎవరైనా చెయ్యి ఆనిస్తే బల్ల తిరగబడుతుంది. ఆ రెండు మూలల కింద 3 మి.మీ. సందు వదిలి చెక్క దిమ్మెలు ఉంచాలి.

రసమట్టం కొనేటప్పుడు దాని సూక్ష్మత చూడాలి. వడ్రంగి పనికి వాడేవి సాధారణంగా మీటరుకు 0.5 మి.మీ. చూపిస్తాయి. బుడగను గీతల మధ్య జాగ్రత్తగా చదివితే మన గురికి దగ్గరగా వెళ్లవచ్చు. ముందు రసమట్టాన్నే పరీక్షించాలి. ఒకచోట పెట్టి చూసి, అక్కడే కొసలు మార్చి మళ్లీ చూడాలి. బుడగ రెండుసార్లూ బల్లలో ఒకే దిక్కుకు, ఒకే అంత జరిగితే వాలు బల్లది. లేకపోతే రెండు కొలతల తేడాలో సగం రసమట్టం లోపం. ఫోన్‌లోని లెవెల్ ఈ పనికి వద్దు. 0.1 డిగ్రీ అంటే వినడానికి చిన్నదే, మీటరుకు 1.75 మి.మీ. అవుతుంది, మన గురికి ఐదు రెట్ల పైమాట. పై అంతస్తులో పనిచేస్తుంటే, మనిషి పూసేటప్పుడు నిలబడే చోట నిలబడి ఉండగానే కొలత తీసుకోవాలి. కొన్ని నేలలు మనిషి బరువుకు కదులుతాయి.

చివరి తీర్పు మాత్రం పోసి చూశాకే. రంగు లేని జెలటిన్ 5 శాతం కలిపి, కొద్దిగా సిరా వేసి, ప్లాస్టిక్ షీటు మీద 1 మి.మీ. ఎత్తున పోయాలి. గడ్డకట్టాక నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి 5x5 సెం.మీ. ముక్కలు కోసి, 0.01 గ్రాము చూపే త్రాసులో తూచాలి. 1 మి.మీ. మందం ముక్క సుమారు 2.5 గ్రాములు తూగుతుంది. 0.25 గ్రాము తేడా అంటే 0.1 మి.మీ. తేడా. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు వరసగా పెరిగితే మట్టం లోపం, మరలు తిప్పాలి. మధ్యలో ఎక్కువో తక్కువో అయితే చదును లోపం, ప్యాకింగ్ చూడాలి. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి సరిచేయబోతే రోజంతా పోతుంది, ఫలితం ఉండదు.

పోసే వేళ

గాజు మీద నీళ్లు చల్లి యూపోను పరిచి స్క్వీజీతో నీటిని బయటికి తోస్తే అది గాజుకు పట్టుకుంటుంది. కింద చిక్కిన గాలిబుడగ ఒకటున్నా పైన మిట్ట అవుతుంది, పక్కనుంచి లైటు వేసి చూడాలి. మిశ్రమాన్ని పల్చటి బట్టలో వడకట్టి, వెచ్చగా గంటో రెండు గంటలో నిలవ ఉంచితే నురగ పోతుంది. పోసేటప్పుడు గిన్నె మూతిని గాజుకు దగ్గరగా పెట్టాలి. వేలితోనో దువ్వెనలాంటి పనిముట్టుతోనో అంచుల దాకా తోస్తే చాలు, 1 మి.మీ. పొరను దాని తలతన్యతే అంచు దగ్గర ఆపుతుంది.

మే నెలలో విజయవాడలో గది 38 డిగ్రీలుంటే జెలటిన్ ఎంతసేపు చూసినా గడ్డకట్టదు. ఏసీతో గదిని 20–22 డిగ్రీలకు తేవాలి, గాజును కూడా అంతసేపు అందులోనే ఉంచాలి. గది చల్లబడినంత త్వరగా గాజు చల్లబడదు. చలిదేశాల్లో గరాజుల్లో పోసేవాళ్లకు సమస్య తిరగబడుతుంది, అక్కడ బల్లనే వెచ్చబెట్టాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. దుమ్ము ఒక కారణమైతే, గాలి తగిలిన చోట పై ముఖం ముందే తొడుగుకట్టి ముడతలు పడటం రెండోది. గడ్డకట్టాక మట్టంతో పని లేదు. టిష్యూను తీసి వేరేచోట ఆరబెట్టుకోవచ్చు, బల్ల తర్వాతి దానికి ఖాళీ.

కడ్డీతో పూసే కాగితానికి ఇబ్బంది ఇంకో రకం. ఒక ముఖం తడవగానే కాగితం పెరిగి ఉబ్బుతుంది, బల్ల ఎంత చదునైనా కడ్డీ కింద కాగితం చదునుగా ఉండదు. పొడి గదిలో ఇది మరీ ఎక్కువ. కాగితాన్ని ముందే 55–65 శాతం తేమలో ఉంచి, అంచులు టేపుతో పట్టి, ఆగకుండా లాగితే తగ్గుతుంది. రంధ్రాల పలక కింద నుంచి గాలి లాగే వాక్యూమ్ బల్ల చేసుకుంటే కాగితం కదలదు, కానీ ప్రతి రంధ్రం దగ్గరా ద్రావణం లోపలికి లాగబడి చుక్కల ముగ్గు తేలే ప్రమాదం ఉంది. కాగితం కింద ఒక్క ఇసుక రేణువున్నా కడ్డీ దాన్ని అచ్చుగుద్దుతుంది. పూయడానికి ముందు గాజును, కాగితం వెనుక వైపును వట్టి చేత్తో తడిమి చూడటం దండగ పని కాదు.

ఇనుప ఫ్రేము వాడితే మందంగా పెయింటు వేయాలి. సయనోటైప్‌లోని పొటాషియం ఫెర్రిసయనైడ్‌కు తుప్పు పొడి, డ్రిల్లు రజను తగిలితే నీలి చుక్కలు లేస్తాయి. ప్లాటినమ్‌లో అవే నల్ల చుక్కలు. మరలకు రంధ్రాలు వేసే పని పూత గదిలో చేయకూడదు, చేసినా అదే రోజు పూయకూడదు. కార్బన్ టిష్యూ కాంతికి స్పందించేలా చేసే డైక్రోమేట్ వాడే బల్లను ఇంకే పనికీ వాడకూడదు. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, చేతి తొడుగులు తప్పనిసరి. చిందింది గాజు అంచు నుంచి ప్లైలోకి దిగకుండా, అంచు చుట్టూ పైకి పొడుచుకు రాకుండా సిలికాన్ గీత వేయాలి.

ఎత్తు 85 నుంచి 90 సెం.మీ. మధ్య ఉంటే పొడవాటి కడ్డీని నడుం నుంచి ఒంటితో లాగవచ్చు. చేతులు చాచి లాగితే చివర్లో ఒత్తిడి తగ్గి పూత మందమవుతుంది. అందుకే 30x40కు బల్ల కనీసం మూడు వైపులా తిరగడానికి వీలుగా ఉండాలి. పసుపు బల్బు ఒకటి బల్లకు కాస్త పైన, ఎదుటి అంచు నుంచి పడేలా పెడితే తడి మెరుపులో పొడి మిగిలిన చోటు వెంటనే కనిపిస్తుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి పట్టీ, కాగితం ముక్కలు తీసి చదును మళ్లీ చూడాలి. మట్టం మాత్రం టిష్యూ పోసే ప్రతిసారీ చూడాలి, నేల తుడిచినవాళ్లు బల్లను ఎప్పుడు జరిపారో ఎవరూ చెప్పరు.